కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లకూ సీనియర్ రెసిడెంట్లకూ మొదటి ఏడాదిలో మనం ఏం అందించాలి?

జనరల్‌మెడిసిన్_జిల్లా (చర్చ ప్రారంభం), ఆదివారం, ఉదయం 7:15

సభ్యులందరికీ నమస్కారం. తెలంగాణలో ఈ మధ్య ప్రారంభమైన ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో నేను జనరల్ మెడిసిన్ అసోసియేట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. 2022లో ఒకేసారి ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు మొదలైన సంగతి మీకు తెలిసినదే. సీట్లు నిండాయి, జిల్లా ఆసుపత్రికి బోధనాసుపత్రి అన్న కొత్త బోర్డు కూడా వచ్చింది. అయితే పీజీ ముగించుకుని నేరుగా మా దగ్గరకు వచ్చిన యువ వైద్యులు ఎంతకాలం నిలుస్తున్నారన్నది వేరే ప్రశ్న. గత ఏడాది మా విభాగంలో చేరిన ముగ్గురు అసిస్టెంట్ ప్రొఫెసర్లలో ఒకరు ఐదో నెలలోనే రాజీనామా చేశారు.

వెళ్లిపోయే రోజు ఆ అబ్బాయి నాతో ఒక మాట చెప్పాడు. పురుగుమందు తాగి వచ్చిన ఒక రైతుకు ఊపిరి అందక, ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టవలసి వచ్చిన రాత్రి, నాకు ఫోన్ చేయాలా వద్దా అని ఇరవై నిమిషాలు ఆలోచించాడట. “చేస్తే, ఈమాత్రం తెలియదా అనుకుంటారేమోనని భయపడ్డాను మేడమ్” అన్నాడు. ఆ రైతు బతికి ఇంటికి వెళ్లాడు గానీ, ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఇంకా నా మనసులో మెదులుతూనే ఉన్నాయి. ఫోన్ చేయవద్దని నేను ఏనాడూ చెప్పలేదు. చేయమని కూడా చెప్పలేదు.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారు కొత్తవారి కోసం ఒక ప్రతిపాదన రాసి ఇవ్వమన్నారు. ఒక రోజు పరిచయ కార్యక్రమం, ఒత్తిడిని తట్టుకోవడంపై ఒక ఉపన్యాసం, చివర శాలువాలు, ఫోటో అని మొదట రాశాను. రాసినది నేనే చదువుకుని చింపేశాను. బోధనాసుపత్రులలో పనిచేసినవారు, ఇప్పుడు పనిచేస్తున్నవారు తమకు నిజంగా ఏది ఉపయోగపడిందో, ఏది పనికిరాకుండా పోయిందో చెప్పగలరని మనవి. ఆసుపత్రుల పేర్లు, వ్యక్తుల పేర్లు రాయవద్దు.

పాత_యూనిట్_చీఫ్, ఆదివారం, ఉదయం 9:02

నేను పదవీ విరమణ చేసి చాలా కాలమైంది కనుక నా మాట కొందరికి చాదస్తంగా తోచవచ్చు. ‘మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి’ అని మొదలుపెట్టే పెద్దమనుషులంటే నాకూ విసుగే. అయినా ఒక విషయం చెప్పాలి. మా రోజుల్లో ‘కొత్తవారికి అండ’ అన్న మాట ఎవరూ వాడలేదు గానీ, అండ అన్నది యూనిట్‌లోనే ఉండేది. హౌస్ సర్జన్‌కు పైన పీజీ, పీజీకి పైన అసిస్టెంట్, అసిస్టెంట్‌కు పైన చీఫ్. అడ్మిషన్ డే నాడు రాత్రి తొమ్మిది గంటలకు మా చీఫ్ స్కూటర్ మీద వచ్చి, కొత్తగా చేరిన రోగులందరినీ ఒక చుట్టు చూసి, “ఆ ఏడో మంచం ఆమెను రాత్రి ఒంటిగంటకు మళ్లీ చూడు, బీపీ తగ్గితే నాకు కబురు పంపు” అని చెప్పి వెళ్లేవారు. అంటే, ఎప్పుడు కబురు పెట్టాలో ఆయనే ముందుగా చెప్పేసేవారు. మేము భయపడుతూ తేల్చుకోవలసిన అవసరం ఉండేది కాదు.

విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల 1923 నాటిది, ఉస్మానియా కళాశాల మూలం 1846 నాటి వైద్య పాఠశాలలో ఉంది. అలాంటి చోట్ల ఆ గొలుసు తరతరాలుగా ఏర్పడి వచ్చింది. మీ కొత్త కళాశాలలో గొలుసు ఏదమ్మా? 2022లో చేరిన మొదటి బ్యాచ్ నాలుగున్నరేళ్ల చదువు ముగించి హౌస్ సర్జన్లుగా వార్డులోకి రావాలంటే 2027 రావాలి. అంతవరకు మీ సీనియర్ రెసిడెంటే హౌస్ సర్జన్, పీజీ, అసిస్టెంట్ కూడా. క్యానులా పెట్టేదీ అతడే, కేస్ షీట్ రాసేదీ అతడే, ఆరోగ్యశ్రీ అనుమతికి ఫోటోలు ఎక్కించేదీ అతడే, ఉదయం విద్యార్థులకు క్లినిక్స్ చెప్పేదీ అతడే. ముందు ఈ సంగతి మీ ప్రతిపాదనలో మొదటి పేరాగా రాయండి. మిగతావన్నీ దాని తర్వాతే.

రాత్రి_డ్యూటీ_ఎస్ఆర్, ఆదివారం, మధ్యాహ్నం 3:48

చీఫ్ సర్ చెప్పినది అక్షరాలా నిజం. నేను పీజీ తర్వాత తప్పనిసరి సీనియర్ రెసిడెన్సీ ఏడాదిని ఒక జిల్లా కేంద్రంలో చేస్తున్నాను. పీజీ చేసిన పెద్ద ఆసుపత్రిలో పని ఇంతకంటే మూడింతలు ఉండేది. అయినా అక్కడ నాకు ఇంత భయం వేయలేదు, ఎందుకంటే అర్ధరాత్రి పక్క వార్డులో అనస్థీషియా పీజీ మేలుకుని ఉండేవాడు, కార్డియాలజీ వాళ్లు రెండు అంతస్తుల పైన ఉండేవారు. ఇక్కడ పని తక్కువే, కానీ రాత్రి పదకొండు దాటాక నిర్ణయం తీసుకోగలిగిన వైద్యుడిని నేనొక్కడినే అన్న ఎరుక గుండెల మీద బండలా ఉంటుంది.

పనిగంటల గురించి కూడా నాలుగు మాటలు. కేంద్ర ప్రభుత్వం 1992లో తెచ్చిన రెసిడెన్సీ పథకంలో, రెసిడెంట్ల ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటరాదని, జూనియర్ రెసిడెంట్లకు, అంటే పీజీలకు, వారానికి 48 గంటలు ఉండాలని రాశారు. ముప్పై ఏళ్ల తర్వాత 2023లో వచ్చిన పీజీ వైద్య విద్యా నిబంధనలలో ‘సహేతుకమైన పనిగంటలు’ అన్నారే తప్ప అంకె వేయలేదు. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం మాత్రం వారానికి 74 గంటలకు మించకూడదని, వారానికొక సెలవు ఉండాలని సిఫార్సు చేసింది. 48 నుంచి 74కు రావడాన్ని పురోగతి అనాలో ఏమనాలో నాకు తెలియదు. ఆ 74 గంటలైనా అమలైతే చాలని మా స్నేహితులలో చాలామంది అంటారు.

కానీ మేడమ్ అడిగిన ప్రశ్నకు నా జవాబు గంటల గురించి కాదు. నాకు కావలసింది ఒక కాగితం. ఫలానా పరిస్థితులలో ఆన్‌కాల్ అసోసియేట్‌కో ప్రొఫెసర్‌కో ఫోన్ చేయడం ‘తప్పనిసరి’ అని ఆ కాగితం మీద రాసి, విభాగాధిపతి (హెచ్‌ఓడీ) సంతకంతో వార్డులో అంటించాలి. ఉదాహరణకు, గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టిన ప్రతి రోగి, బీపీ నిలబెట్టడానికి రెండో మందు మొదలుపెట్టవలసి వచ్చిన ప్రతి రోగి, కనురెప్పలు వాలిపోతున్న కట్లపాము కాటు, మొదటి పది వయల్స్ విషహరం ఎక్కించాక కూడా ఇరవై నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టని పాము కాటు, పారాక్వాట్ అనే కలుపుమందు తాగిన వాళ్లు, హైదరాబాద్‌కు పంపించవలసిన వాళ్లు, రోగి బంధువులు గొడవకు దిగేలా ఉన్న ఏ మరణమైనా. తప్పనిసరి అని రాసి ఉంటే, ఫోన్ చేసినవాడు చేతకానివాడు కాడు, నియమం పాటించినవాడు. చేయనివాడే సంజాయిషీ చెప్పుకోవాలి. ఇప్పుడు అది తలకిందులుగా ఉంది.

ప్రసూతి_విభాగం_అక్క, ఆదివారం, సాయంత్రం 6:30

తమ్ముడు చెప్పిన జాబితా మా లేబర్ రూమ్‌కు ఇంకా అవసరం. మా విభాగంలో అలాంటిది నాలుగేళ్లుగా ఉంది. మొదట్లో సీనియర్లు గొణిగారు. మూడు నెలలు గడిచేసరికి అర్ధరాత్రి వచ్చే ఫోన్ల సంఖ్య పెరిగింది గానీ, తెల్లవారుజామున పరుగెత్తుకు రావలసిన సందర్భాలు తగ్గాయని వాళ్లే ఒప్పుకున్నారు. ఇది నేను లెక్క వేసి చెబుతున్నది కాదు, చూసి చెబుతున్నది.

నేను అడగదలచింది గది గురించి. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న ఒక పీజీ వైద్యురాలిపై ఆసుపత్రిలోనే అత్యాచారం, హత్య జరిగిన ఘోరం తర్వాత మనమందరం కొవ్వొత్తులు పట్టుకుని నడిచాము. ఆ అమ్మాయి సెమినార్ హాల్లో నడుం వాల్చవలసి రావడానికి కారణం ఏమిటన్న ప్రశ్నను మాత్రం మన మన ఆసుపత్రులకు తెచ్చుకోలేదు. మా దగ్గర మహిళా వైద్యుల డ్యూటీ రూమ్ అని బోర్డు ఉన్న గదికి లోపలి గడియ రెండేళ్లుగా పనిచేయలేదు. వడ్రంగిని మా సొంత డబ్బుతో పిలిపించాము. ఖర్చు ఆరువందల రూపాయలు. ఆ ఆరువందల కోసం రాసిన అర్జీలు మూడు, వాటి మీద పడిన సంతకాలు ఏడు.

ఇంకొకటి. పీజీ ముగిసి కొత్తగా చేరే వయసు, మొదటి బిడ్డ పుట్టే వయసు ఒకటే. ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చిన మొదటి వారంలోనే రాత్రి డ్యూటీ వేస్తే, ఆ అమ్మాయి లినెన్ గదిలో తలుపు దగ్గర స్టూలు అడ్డం పెట్టుకుని పాలు తీసుకోవలసి వస్తుంది. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నేను చేసినదే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. వందల మంది మహిళలు పనిచేసే బోధనాసుపత్రులలో అలాంటి గదిని ఎంతమంది చూశారో ఈ వేదికలోనే చెప్పమనండి. మేడమ్, మీ ప్రతిపాదనలో గడియ ఉన్న గది ఒకటి, తిరిగి వచ్చాక మొదటి రెండు నెలలు రాత్రి డ్యూటీ లేని జాబితా ఒకటి, ఈ రెండూ తప్పక చేర్చండి.

బస్సులో_వచ్చివెళ్లే_సర్జన్, ఆదివారం, రాత్రి 8:11

క్వార్టర్స్ గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. కుటుంబం హైదరాబాద్‌లో, ఉద్యోగం జిల్లాలో. 2022 నుంచి కొత్తగా నియమితులైన మాకు ప్రైవేటు ప్రాక్టీసు లేదు, దానితో నాకు పేచీ కూడా లేదు. కానీ ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే దూరంలో రెండు గదుల ఇల్లు ఇస్తే, రోజుకు ఐదు గంటలు బస్సులో కూర్చునే మనిషి ఆ ఐదు గంటలూ వార్డులోనో పుస్తకం ముందో ఉంటాడు. 2025 మే నుంచి వచ్చిన ముఖ గుర్తింపు హాజరు ఉదయం నేను వచ్చానా లేదా అన్నది చూస్తుంది. నిన్న రాత్రి రెండింటికి పేగు చిల్లుపడిన రోగికి ఆపరేషన్ చేశానా లేదా అన్నది దానికి తెలియదు. మరుసటి రోజు ఉదయం తొమ్మిదికి ముఖం చూపించాలి, అంతే.

అట్లాంటిక్_అవతల, ఆదివారం, రాత్రి 11:55

గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ బోధిస్తున్నాను. ఇక్కడ అన్నీ బాగున్నాయని చెప్పడానికి రాయడం లేదు. ఇక్కడివారు చేసిన పొరపాటును మీరు చేయకుండా ఉండాలని రాస్తున్నాను.

1984లో న్యూయార్క్‌లో 18 ఏళ్ల యువతి ఒకరు ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటలలోనే మరణించారు. ఆ రాత్రి ఆమెను చూసుకున్నది ఎడతెగని డ్యూటీలో ఉన్న రెసిడెంట్లు. ఆమె తండ్రి పత్రికా రచయిత కావడంతో ఆ విషయం మరుగున పడలేదు. 1989 నుంచి న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటలు, ఏకధాటిగా 24 గంటలు అన్న హద్దు పెట్టింది. 2003లో వారానికి 80 గంటల హద్దు దేశమంతటికీ వచ్చింది. ఆ చరిత్ర చెప్పేటప్పుడు జనం గంటల దగ్గరే ఆగిపోతారు. కానీ ఆనాటి విచారణలో తేలిన మరో సంగతి, అనుభవం ఉన్న పెద్ద వైద్యుడు మంచం దగ్గర లేకపోవడం. నిద్ర గురించి నియమం రాయడం తేలిక, పెద్దవాళ్లను మంచం దగ్గరకు రప్పించడం కష్టం. అందుకే ఇక్కడ మొదటిదానికే ఎక్కువ ఊపు వచ్చింది.

గంటలు తగ్గినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. డ్యూటీలు చిన్నవైతే, రోగి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారే సందర్భాలు పెరుగుతాయి. ప్రతి మార్పులోనూ ఏదో ఒక సమాచారం జారిపోతుంది. దీని మీద తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాలలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2014లో వెలువడింది. డ్యూటీ అప్పగించే పద్ధతిని ఒక క్రమంలోకి తెచ్చి, అందరికీ శిక్షణ ఇచ్చినప్పుడు వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. ఆ క్రమంలో ఉన్నవి ఐదే ఐదు సంగతులు: రోగి పరిస్థితి ఎంత తీవ్రం, ఇంతవరకు ఏం జరిగింది, ఇప్పుడు చేయవలసిన పనులు ఏమిటి, రాత్రి ఫలానాది జరిగితే ఏం చేయాలి, చివరగా విన్నవాడు విన్నదంతా తిరిగి చెప్పడం. నాలుగోది చదివినప్పుడు నాకు చీఫ్ సర్ రాసిన ఏడో మంచం ఆమె గుర్తుకొచ్చింది. దీనికి కంప్యూటర్ అక్కరలేదు, ఒక గీతల పుస్తకం, రోజుకు రెండుసార్లు పదిహేను నిమిషాలు చాలు.

పరిశోధన వైపు వెళ్లే యువ అధ్యాపకులకు ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే కొన్ని శిక్షణ గ్రాంట్లకు ఒక షరతు ఉంది. గ్రాంటు పొందినవారి పనివేళల్లో 75 శాతం పరిశోధనకే కేటాయించాలి, ఆ మేరకు ఆసుపత్రి వారిని వార్డు నుంచి విడిచిపెట్టాలి. మన దగ్గర అంత సాధ్యం కాదని నాకు తెలుసు. వారంలో అర పూట అయినా ఆలోచించండి.

పాత_యూనిట్_చీఫ్, సోమవారం, ఉదయం 6:40

అప్పగింత పుస్తకం సంగతి నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అర పూట సంగతి మాత్రం చెప్పండి బాబూ, ఆ అర పూట ఓపీ ఎవరు చూస్తారు? జిల్లా ఆసుపత్రి ఓపీ ముందు వరుస ఎలా ఉంటుందో మీరు మరిచిపోయి ఉండరు.

కమ్యూనిటీమెడిసిన్_గణకుడు, సోమవారం, ఉదయం 10:20

చీఫ్ సర్ ప్రశ్న న్యాయమైనదే. కానీ అర పూట ఇవ్వకపోతే ఏం జరుగుతున్నదో కూడా చూడాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ కావాలంటే నాలుగేళ్ల అనుభవంతో పాటు రెండు పరిశోధన పత్రాలు, వైద్య పరిశోధనలో ప్రాథమిక కోర్సు, వైద్య బోధనలో ప్రాథమిక కోర్సు కావాలి. పరిశోధన కోర్సు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బోధన కోర్సుకు మూడు రోజులు సెలవు దొరకాలి. పత్రాలకు మాత్రం సమయం కావాలి, రోగుల వివరాల నమోదు కావాలి, నైతిక సంఘం అనుమతి కావాలి, గణాంకాలు చూసిపెట్టే మనిషి కావాలి. ఈ నాలుగూ లేని చోట మూడో ఏడాది చివరికి ఏమవుతుందో ఈ వేదికలో అందరికీ తెలుసు. డబ్బు కడితే రెండు వారాలలో అచ్చు వేసే పత్రికలు వెతుకుతారు. పదోన్నతి కోసం వైద్యుడి చేత మొదటి అబద్ధం రాయించేది అతని అత్యాశ కాదు, మన ఏర్పాటే.

నేను చేస్తున్నది చెబుతాను. ప్రతి నెలా రెండో శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నా గది తలుపు తీసి ఉంటుంది. ఏ విభాగం వారైనా తమ ప్రశ్నతో రావచ్చు. వచ్చేవారితో నేను మొదట చేసే పని, వారి ప్రశ్నను చిన్నది చేయడం. ‘జిల్లాలో మధుమేహం’ అని వచ్చినవారు, ‘మా ఓపీలో ఇన్సులిన్ మొదలుపెట్టిన వారిలో మూడు నెలల తర్వాత ఎందరు మానేశారు, ఎందుకు’ అని తిరిగి వెళతారు. అలాంటి ప్రశ్నకు కావలసిన వివరాలు వార్డులోనే దొరుకుతాయి. కొన్ని ప్రభుత్వ కళాశాలలలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం నెలకొల్పిన బహుళ విభాగ పరిశోధన యూనిట్లు ఉన్నాయి. దగ్గరలో అలాంటిది ఉంటే కొత్తవారిని చేరినప్పుడే అక్కడికి తీసుకువెళ్లి పరిచయం చేయండి. నాలుగో ఏడాది పరిచయం చేస్తే ప్రయోజనం లేదు.

ఓపీ ఎవరు చూస్తారన్నదానికి నా జవాబు: నెలకు ఒక్క అర పూట, ఒక్కొక్కరికి ఒక్కొక్క వారం. ముగ్గురున్న చోట ఇది కుదురుతుంది. ఒక్కరే ఉన్న చోట కుదరదు, అక్కడ అసలు సమస్య పరిశోధన కాదు.

మైక్రోబయాలజీ_బెంచి, సోమవారం, మధ్యాహ్నం 1:05

ఇంతమంది ఇన్ని రాశారు గానీ, సూది గుచ్చుకోవడం గురించి ఒక్కరూ రాయలేదు. నేను అడిగే ప్రశ్నలు రెండు. మీ దగ్గర కొత్తగా చేరిన వైద్యులలో హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తిచేసుకుని, యాంటీబాడీ స్థాయి 10 దాటిందని పరీక్ష చేయించుకున్నవారు ఎందరు? హెచ్‌ఐవీ రోగి సూది రాత్రి పన్నెండింటికి గుచ్చుకుంటే నివారణ మందు మొదటి మోతాదు ఎక్కడ దొరుకుతుంది?

రెండోదానికి చాలాచోట్ల వచ్చే జవాబు ‘ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో’. ఆ కేంద్రం సాయంత్రానికి మూతపడుతుంది, తాళం చెవి ఫార్మసిస్టు ఇంట్లో ఉంటుంది. ఆ మందు వీలైతే రెండు గంటలలోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, 28 రోజులు వాడాలి. ఒక చోట నేను పనిచేస్తున్నప్పుడు ఒక హౌస్ సర్జన్ అమ్మాయి శనివారం రాత్రి గుచ్చుకున్న సూదికి సోమవారం ఉదయం దాకా ఎదురుచూసింది. మందు దొరికింది, ఏమీ కాలేదు. ఆ ఆదివారం ఆమె ఎలా గడిపిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. క్యాజువాలిటీ అల్మారాలో మూడు రోజుల మందు ఉన్న ఒక డబ్బా పెట్టించడానికి ఒక్క ఉత్తర్వు చాలు. మేడమ్, మీ ఉపన్యాసం స్థానంలో ఈ డబ్బా పెట్టండి.

సైకియాట్రీ_అసోసియేట్, సోమవారం, రాత్రి 9:30

ఒత్తిడి మీద ఉపన్యాసాన్ని చింపివేసినందుకు మొదటి పోస్టు రాసినవారికి నా అభినందనలు. అలాంటి ఉపన్యాసాలు ఇవ్వడానికి నన్నే పిలుస్తారు కనుక చెబుతున్నాను. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, వెనుక వరుసలో నిద్రపోతున్న పిల్లలకు నిద్ర ప్రాముఖ్యాన్ని బోధించిన అనుభవం నాకుంది.

పైన ప్రస్తావించిన 2024 కార్యదళం దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో ఐదు వేలకు పైగా పీజీలు పాల్గొన్నారు. వారిలో సుమారు 31 శాతం మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. సర్వేకు తమంతట తాము జవాబిచ్చినవారి లెక్క కనుక దీన్ని జాగ్రత్తగా చదవాలి, కానీ సగానికి తగ్గించి చదువుకున్నా ఇది చిన్న సంఖ్య కాదు. వీరిలో ఎక్కువమంది సహాయం కోరరు. కారణం అపనమ్మకం కాదు, గోప్యత. తన ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో తన పేరు చీటీ మీద రాయించుకుని, తను పాఠం చెప్పే విద్యార్థుల ముందు కూర్చోవడానికి ఏ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇష్టపడతాడు? మేము పక్క జిల్లా కళాశాలతో నోటిమాటగా ఒక ఒప్పందం చేసుకున్నాము. వారి వైద్యులు మా దగ్గరకు, మా వైద్యులు వారి దగ్గరకు, ఓపీ వేళలు ముగిశాక వస్తారు. అంతకంటే అత్యవసరమైతే ఎవరైనా, ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయవచ్చు, అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

అయితే అంతకు ముందు జరగవలసినది ఒకటి ఉంది. కొత్త వైద్యుడి చేతిలో మొదటి ఊహించని మరణం సంభవించిన మర్నాడు ఏం జరుగుతున్నది? ఎక్కువచోట్ల కేస్ షీట్ సరిచూసే సమావేశం జరుగుతుంది, ‘ఇక్కడ టైమ్ ఎందుకు వేయలేదు’ అని అడుగుతారు. అది అవసరమే. కానీ దానికి ముందు ఒక సీనియర్ ఆ పిల్లవాడిని క్యాంటీన్‌కు తీసుకువెళ్లి, ఒక టీ తాగించి, ‘నాకు ఇలా జరిగిన మొదటిసారి నేను వారం నిద్రపోలేదు’ అని చెబితే, అది నా మందులకంటే బాగా పనిచేస్తుంది. మరణం తర్వాత రోగి బంధువులు వైద్యుడిపై చేయి చేసుకున్న సందర్భమైతే, వైద్య సిబ్బందిపై దాడులకు 2008లో వచ్చిన చట్టం ఉంది. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున సూపరింటెండెంట్ ఇవ్వాలి. దెబ్బ తిన్న పాతికేళ్ల వైద్యుడినే ఠాణాకు నడిపించి, కేసు పెడతావా, రాజీ పడతావా అని అతణ్ణే అడగడం రెండో దెబ్బ.

హౌస్_సర్జన్_2024, సోమవారం, రాత్రి 10:02

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు క్షమించాలి. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు మా ప్రధాన కోరికలలో ఒకటి, స్టైపెండ్ ప్రతి నెలా గ్రీన్ ఛానల్ ద్వారా ఆగకుండా రావాలన్నది. మెంటార్ ఎంత మంచివారైనా, మూడు నెలలు డబ్బు రాక ఇంటికి ఫోన్ చేసి నాన్నను అడిగే వైద్యుడికి ఆ మాటలు చెవికెక్కవు. ఇంతే చెప్పదలచుకున్నాను.

రాత్రి_డ్యూటీ_ఎస్ఆర్, సోమవారం, రాత్రి 11:18

సైకియాట్రీ సర్, టీ సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. నాకు అలా ఒకరు చేశారు, పీజీ రెండో ఏడాదిలో. ఆమె మా యూనిట్ కాదు, అనస్థీషియా మేడమ్. ఏమీ అడగలేదు. “తిన్నావా” అన్నారు, అంతే.

జనరల్‌మెడిసిన్_జిల్లా, తరువాతి శనివారం, సాయంత్రం 5:45

అందరికీ కృతజ్ఞతలు. ప్రతిపాదన ఇచ్చాను, విభాగాధిపతులతో చర్చ కూడా జరిగింది. ఏమైందో దాచకుండా చెబుతాను.

చీఫ్ సర్ సూచించినట్లు గొలుసు లేకపోవడం గురించే మొదటి పేరా రాశాను. ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదివి, వైద్య విద్యా సంచాలకుల కార్యాలయానికి పంపే లేఖలో చేరుస్తానన్నారు. ఆ లేఖ ఎప్పటికి కదులుతుందో చెప్పలేను. తప్పనిసరి ఫోన్ జాబితాకు జనరల్ మెడిసిన్, ప్రసూతి, అనస్థీషియా విభాగాలు వెంటనే ఒప్పుకున్నాయి. సర్జరీ వారు, ‘మా పిల్లలు ఎలాగూ ఫోన్ చేస్తారు’ అని పక్కన పెట్టారు. ఎలాగూ చేస్తారన్న నమ్మకమే నాదీ ఒకప్పుడు అని చెప్పాను గానీ, వారు నవ్వేశారు. నెలకు అర పూట పరిశోధన సమయాన్ని ముగ్గురు, అంతకు మించి ఉన్న విభాగాలకే పరిమితం చేసి, ఆరు నెలలు చూద్దామన్నారు. క్వార్టర్స్ చేతిలో లేవు. స్టైపెండ్, జీతాల జాప్యం సంగతి మా చేతిలో లేదని కూడా రాసిపెట్టాను, రాయకపోతే లేనట్టే అవుతుంది కనుక. ప్రసూతి సెలవు తర్వాత రెండు నెలలు రాత్రి డ్యూటీ వద్దన్న అంశం మీద అరగంట వాదన జరిగింది. చివరికి ఒక నెల దగ్గర ఆగింది. గడియ మాత్రం ఆ సాయంత్రమే వేయించారు. మా దగ్గర అర్జీ ఒక్కటే పట్టింది, ప్రసూతి అక్కకు తెలియజేస్తున్నాను.

మందు డబ్బా క్యాజువాలిటీకి వచ్చింది, కానీ తాళం వేసి స్టాఫ్ నర్సు చేతికి ఇవ్వాలా, తాళం లేకుండా ఉంచాలా అన్నది తేలలేదు. మైక్రోబయాలజీ మేడమ్ మీ దగ్గర ఎలా చేశారో చెప్పగలరా?

జాబితా అంటించి నాలుగు రోజులే అయింది. గురువారం రాత్రి రెండు గంటల పది నిమిషాలకు కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ అమ్మాయి ఫోన్ చేసింది. కట్లపాము కాటు, కనురెప్పలు వాలుతున్నాయి, ఊపిరి ఇంకా బాగానే ఉంది. చేయవలసినవన్నీ ఆమె అప్పటికే చేసింది, నేను అదనంగా చెప్పినది ఏమీ లేదు. “జాబితాలో మూడోది మేడమ్, అందుకే చేశాను” అంది. నిద్ర పట్టక నేనూ వార్డుకు వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి ట్యూబు వేయవలసి వచ్చింది, అప్పటికి మేమిద్దరమూ అక్కడే ఉన్నాము.

అప్పగింత పుస్తకానికి గీతలు గీయించాలి. అట్లాంటిక్ అవతల ఉన్న సోదరులు చెప్పిన ఆ ఐదు గడుల నమూనాను ఎవరైనా తెలుగులో వాడి ఉంటే ఇక్కడ పెట్టగలరు. మా నర్సులు కూడా దానిలో రాయాలనుకుంటున్నారు.